మోచేతి లోతు

పొన్నలంక పాయ. వేసవి శిక్షణ, పడవ దినచర్య.
రాసినది: ప్రసూన, నదీముఖ పరిశోధన కేంద్రం, ఉప్పు కొలతల విభాగం.

మే 3

ఆటు. దక్షిణపు గాలి, బలహీనం. తెల్లవారుజామున నాలుగు గంటల నలభై నిమిషాలకు బయలుదేరాము. తొమ్మిదింటికి ఎండ సైరన్ మోగేలోగా ఆరు చోట్ల నీరు తీసి రేవు చేరుకోవాలి. ఆ తరువాత సాయంత్రం అయిదు దాకా ఆరుబయట ఎవరూ తిరగడానికి అనుమతి లేదు.

ఈ వేసవికి కేంద్రం నాకు ఒక్క విద్యార్థినినే పంపింది. ఒకప్పుడు పన్నెండుమంది వచ్చేవారు. అమ్మాయి పేరు ముబీనా. వయసు ఇరవై, ఊరు కదిరి దగ్గర ఒక పల్లె. ఇంత నీటిని ఒక్కచోట చూడటం ఇదే మొదటిసారట. పడవలో కాలు పెట్టగానే రెండు చేతులతోనూ అంచు పట్టుకుని కూర్చుంది.

పడవ పెమ్మాడి మంగాయమ్మది. పొన్నలంక మనిషి. పదకొండేళ్ళుగా మా కొలతలన్నీ ఆమె పడవ మీదనే జరుగుతున్నాయి.

"ఏటమ్మా, పడవని నువ్వట్టుకున్నావా, నిన్ను పడవట్టుకుందా?" అని అడిగింది మంగాయమ్మ.

"నాకు ఈత రాదు అవ్వా."

"అవ్వేటే! నా కోడలికిప్పుడు ఆరో నెల. ముందు మనవణ్ణి పుట్టనియ్యి. అప్పుడు ముసల్దాన్నవుతాను."

ముబీనాకు మూడు నియమాలు చెప్పాను. సీసాను ఏ చోట నింపుతామో ఆ చోటి నీటితోనే మూడుసార్లు కడగాలి. చేతిని మోచేతి వరకు మాత్రమే ముంచి నీరు తీసుకోవాలి, అంతకన్నా లోతు వద్దు. మీటరు మీద కనిపించిన అంకెను ముందు రాయాలి, తరువాతే మాట్లాడాలి.

ఆరు చోట్లా నీరు తీపే. పొన్నలంక తాగునీటి పంపు దగ్గర లీటరుకు 0.4 గ్రాముల ఉప్పు. కొలతలు పంపగానే, ఎగువ నీటిని ఊళ్ళకు పంచే యంత్రవ్యవస్థ జలవితరణి నుంచి ఎప్పటి జవాబే వచ్చింది: "స్వీకరించాము. మీ శ్రమకు కృతజ్ఞతలు."

మే 9

పోటు. మబ్బు లేదు.

ముబీనా కొలతలు శుభ్రంగా ఉన్నాయి. అంకెలు గుండ్రంగా రాస్తుంది. అంచు పట్టుకోవడం ఒక చేతికి తగ్గింది.

ఈ రోజు పంపు దగ్గర సీసా కడుగుతూ అడిగింది: "మేడమ్, ఏంటికి పైన పైననే తీస్తాండాము? ఈ పంపు తాగేది పై నీళ్ళు కాదు కదా."

నది అడుగున ఏముందో చూడటానికి పంపు పక్కనే కొలత స్తంభం పాతారనీ, దాని అంకెలు ప్రతి గంటకూ పడవలోని తెరమీద కనిపిస్తాయనీ చెప్పాను. చూపించాను కూడా. అడుగున 0.8. తాగడానికి హద్దు ఒక గ్రాము.

"మా ఊర్లో బోరు వేస్తే మొదట పైన ఉండే మీది నీళ్ళు బాగుంటాయి మేడమ్. తియ్యగా ఉండాదని పండగ చేసుకుంటారు. మా నాయన మాత్రం తాడుకి సీసా కట్టి అడుగుదాకా వదిలి చూసేవాడు. మీది నీళ్ళు మర్యాదకి, అడుగు నీళ్ళు సంసారానికి అనేవాడు."

మంగాయమ్మ ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. దినచర్యలో ఇది రాయవలసిన విషయం కాదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నవ్వినప్పుడు నేను తెరవైపు మళ్ళీ చూడలేదు.

మే 11

ఆటు.

ముబీనా సొంతంగా ఒక సీసా తయారుచేసింది. స్టీలు సీసా, మెడకు మంగాయమ్మ పాతవలలోని సీసం గుండ్లు, బిరడాకు వేరే దారం. సీసా అడుగు తాకాక దారం లాగితే బిరడా ఊడి అక్కడి నీరే నిండుతుంది. అటువంటి సీసా నా చేతుల్లో పన్నెండేళ్ళ క్రితం ఉండేది.

వద్దన్నాను. కారణం చెప్పక తప్పలేదు.

ఆ వేసవిలో నా విద్యార్థిని సుచరిత ఆటు వేళ అడుగు సీసా లాగుతూ తాడును మణికట్టుకు చుట్టుకుంది. సీసా ఏదో కొమ్మకు తగులుకుంది. పడవ ముందుకు వెళ్ళింది. నేను అదే పడవలో, ఆమెకు రెండు బారల దూరంలో ఉన్నాను. అంకె రాసుకుంటున్నాను. తలెత్తేసరికి ఆమె లేదు. ఆ ఏడే శిక్షణ పుస్తకంలో మోచేతి లోతు నియమం రాశాను. అడుగు సంగతి స్తంభం చూసుకుంటుంది, పిల్లలు పైది చూస్తే చాలునని కూడా రాశాను.

ముబీనా సీసా మెడకున్న గుండ్లు సవరించింది. తరువాత, "తాడు చేతికి చుట్టుకోను మేడమ్. ఒక్కసారి చూడల్ల," అంది.

మంగాయమ్మ పడవకు లంగరు వేసి, వచ్చి పిల్ల నడుముకు తన పమిట చెంగు కట్టి, రెండో కొస తన పిడికిట్లో పట్టుకుంది. "కానియ్యవే. నువ్వెల్తే నేనూ వత్తాను. నేనెల్తే పడవా వత్తది," అంది.

లోతు నాలుగు బారలు. అడుగు నీరు: 9.2.

మీటరు తుడిచి మళ్ళీ కొలిచాము. 9.2. మూడోసారి 9.3. తెరమీద స్తంభం చెబుతున్నది 0.8.

ముబీనా అంకె ముందు రాసింది. తరువాత సీసా బిరడా బిగించింది.

రేవుకు వచ్చేముందు మంగాయమ్మ లంగరు లాగింది. అలవాటు ప్రకారం తడి తాడు కొసను నాలుకకు తాకించుకుంది. పదకొండేళ్ళుగా ఆమె అలా చేయడం చూస్తున్నాను. మొక్కుబడి అనుకున్నాను.

"అదెందుకు చేస్తావు మంగాయమ్మా?"

"అడుగెలాగుందో తెలుత్తదండి. తాడు ఉప్పెక్కి ఏడెనిమిదేళ్ళయిందండి."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకాడ ఇన్ని మిషన్లున్నాయి కదండీ, తెలీదా అనుకున్నాను. మీరూ అడగలేదు."

మే 13

అడుగు కొలతలు రెండు పంపాము. జవాబు: "ఈ కొలత పదకొండేళ్ళ కొలతలతో పొసగడం లేదు. పరికర దోషంగా నమోదు చేశాము. మీ శ్రమకు కృతజ్ఞతలు."

కొలతలను వితరణి ఇలా వడపోసే ఈ జల్లెడ అన్యాయమైనది కాదు. ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళే దొంగ కొలతలు పంపి పక్కవాళ్ళ నీటిని తమవైపు తిప్పుకున్నాయి. ఆ రోజులు చూసినవాళ్ళెవరూ నీరు వదిలే ఎగువ తలుపులను మళ్ళీ మనుషుల చేతికివ్వమని అడగరు. నేనూ అడగను.

మే 14

మంగాయమ్మ గడతో స్తంభం చుట్టూ పొడిచి చూసింది. నీటిపైన కనిపించే భాగం పంపు దిమ్మెకు బిగించి ఉన్నందున సరిగానే ఉంది. రెండు బారల కింద గడకు ఏమీ తగల్లేదు. స్తంభం అక్కడితో విరిగిపోయింది.

తెరమీద అంకె పక్కన ఆవగింజంత చుక్క ఉంది. నియమావళి తీసి చూశాను. చుక్క ఉంటే అది కొలత కాదు, అంచనా. పై నీటి కొలతలనుబట్టి అడుగున ఎంత ఉండవచ్చో వితరణి లెక్కకట్టి వేసుకుంటున్న అంకె అది. పాత పుటలు తిప్పాను. ఆ చుక్క తొమ్మిదేళ్ళుగా ఉంది.

అంటే తొమ్మిదేళ్ళుగా నేను స్తంభాన్ని నమ్మాను, స్తంభం నా విద్యార్థుల మోచేతులను నమ్మింది.

మే 19

వితరణి ముసాయిదా వచ్చింది. పొన్నలంక పాయకు ఇప్పుడు రోజుకు మూడు గంటలపాటు ఎగువ నీరు వదులుతున్నారు. నీరు తగినంత తియ్యగా ఉన్నందున జూన్ 12 నుంచి దాన్ని అరగంటకు తగ్గించి, మిగిలినది మెట్ట పట్టణాలకు ఇస్తారట.

మంగాయమ్మకు పడవలోనే వివరించాను. ఉప్పునీరు బరువు, అడుగున పరుచుకుంటుంది. మంచినీరు దానిమీద తేలుతుంది. లంకలో రెండువందల పన్నెండు ఇళ్ళకు నీరు తోడే పంపు నోరు అడుగు నుంచి సరిగ్గా బార ఎత్తున ఉంది. ఉప్పు పొర మందం ఈ రోజు అరబార. ఎగువ నీరు తోసిపట్టినంత కాలం అది అక్కడే ఉంటుంది. ఆ నీరు తగ్గితే పైకి లేస్తుంది.

"ఎన్నాళ్ళకండి?"

"వారం. పది రోజులు."

"మా రాజ్యానికి ఎనిమిదో నెలొత్తదండి అప్పటికి," అంది. రాజ్యం ఆమె కోడలు. "ఆ పెద్దాయనకి చెప్పండి మేడంగారూ. మీమాట వింటాడు కదా." వితరణిని ఈ రేవుల్లో అందరూ పెద్దాయన అనే అంటారు.

మే 24

వితరణి విన్నపాల కార్యాలయానికి వెళ్ళాను. ముబీనా కూడా వచ్చింది. అధికారి పేరు శిఖామణి. నలభై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు. మాకు మంచినీళ్ళిచ్చాడు. కొలతలు చివరిదాకా చదివాడు. గడతో చూసిన సంగతి విన్నాడు.

"మీరు చెప్పింది నిజమేననిపిస్తోందండి."

"అయితే తగ్గింపు ఆపండి."

"నాకా మీట ఇవ్వలేదండి." బల్ల మీద రెండు చేతులూ బోర్లా పెట్టి చూపించాడు, ఖాళీగా ఉన్నాయని. "విన్నపం వినడం వరకే నా పని. విన్నానని సంతకం పెడతాను. స్తంభం బాగుచేయించమని రాస్తాను. మనిషి రావడానికి పద్నాలుగు నెలలు పట్టొచ్చు."

"మా కొలతలను ఒప్పుకునే దారేదీ లేదా?"

ఉంది. చదివి వినిపించాడు. ఒకే చోట, ఒకే పద్ధతిలో, వేసవికి నూరుకు తక్కువ కాకుండా, వరుసగా మూడు వేసవులు తీసిన కొలతలను కొత్త చరిత్రగా పరిగణిస్తారు. మధ్యలో ఏ వేసవి కొలతలనైనా పంపినవారే వెనక్కి తీసుకుంటే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

"మూడు వేసవులా సార్?" అంది ముబీనా. "అంతవరకు వాళ్ళు ఏం తాగల్ల?"

శిఖామణి కూజా అందుకున్నాడు. గ్లాసులు మళ్ళీ నింపాడు.

జూన్ 2

పోటు. వేడి నలభై ఆరు.

అడుగు నీరు 13.5. పొర మందం ముప్పావు బార.

రోజుకు నాలుగు అడుగు కొలతలు తీస్తున్నాము. వద్దనే హక్కు నాకు లేదనిపించింది. తాడు విషయంలో మాత్రం ప్రతిసారీ చూస్తాను. ముబీనా సీసా వదిలినప్పుడు నేనేమీ రాయను. అది పైకి వచ్చి, ఆమె చేతులు రెండూ పడవలో కనిపించిన తరువాతే పెన్ను తీస్తాను.

తిరుగుదారిలో లంకలో ఆగాము. రాజ్యం అరుగుమీద కూర్చుని ఉంది. పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. ఇంటి కుళాయి నీరు కొలిచాను. 0.9. ఇంకా హద్దులోనే ఉంది. కానీ మే నెల మొదట్లో అది 0.4.

"అండీ, నీళ్ళు బాగానే ఉన్నాయా?" అని అడిగింది రాజ్యం.

అంకె చెప్పాను. అది బాగానే ఉన్నట్టా, కాదా అన్నది చెప్పలేదు. నా పరికరాల పెట్టెలో వాననీటి డబ్బా ఉంది, మీటరు సరిచూడటానికి ఉంచుకున్నది, ఎనిమిది లీటర్లు. దాన్ని ఆమె దగ్గర వదిలి వచ్చాను. ఎనిమిది లీటర్లు ఆమెకు రెండు రోజులు వస్తాయి.

జూన్ 7

ముబీనా శిక్షణ ఫలితం వచ్చింది. వితరణి అంగీకరించిన కొలతలు నూటికి ఎనభై ఉంటేనే విద్యార్థి ఉత్తీర్ణత. ఆమెవి అరవై మూడు. మిగిలినవన్నీ పరికర దోషాలు.

దారి ఒకటి ఉంది. అడుగు కొలతలను పొరపాటున పంపామని నేను వెనక్కి తీసుకుంటే మిగిలినవాటిని మాత్రమే లెక్కిస్తారు, నూటికి నూరు వస్తాయి. ఈ ధ్రువపత్రం లేకపోతే ఆమెకు వచ్చే ఏడు చదువు సాగదు.

అరటితోట పక్కన నీడలో పడవ ఆపించి ఈ సంగతి చెప్పాను. నేనేమి చేయాలనుకుంటున్నానో చెప్పలేదు. నాకు తెలియదు.

మంగాయమ్మ వెంటనే అంది: "తీసేసుకోండి మేడంగారూ. పిల్ల చదువు పాడుచేత్తామా. మా నీళ్ళకి మేమేదో పడతాం."

"అత్తా, నువ్వు ఊరుకో." ఈ మధ్య అవ్వా అనడం మానేసి అత్తా అంటోంది. "మేడమ్, వెనక్కి తీసుకుంటే ఈ వేసవి లేనట్లే కదా?"

"అవును."

"అంటే మూడేండ్లు మళ్ళీ మొదటినుంచి."

"అవును. కానీ ముబీనా, మూడేళ్ళకు ఈ లంకలో ఎవరూ మిగలకపోవచ్చు. ఎవరికోసం వదులుకుంటున్నావో చూసుకో."

ఆమె సీసా మూత తిప్పుతూ కూర్చుంది. "తొమ్మిది పాయింటు రెండు అని రాసింది నేనే మేడమ్. నా చేత్తో రాసినాను. తప్పని మీరు సంతకం పెడితే, ఆ పొద్దు నేను చూసింది యాడికి పోతాది?"

వెనక్కి తీసుకోలేదు. ఆమె కళాశాలకు మూడు పుటల ఉత్తరం రాశాను. ఫలితాల విషయంలో తమకు అధికారం లేదని సాయంత్రమే జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు.

జూన్ 12

ఉదయం ఆరు గంటలకు ఎగువ తలుపులు దిగాయి. పాయలో నీరు నెమ్మదించడం పడవలోంచి కంటికే తెలిసింది. నీటిమీద కొట్టుకువచ్చే గుర్రపుడెక్క ఆగిపోయి, కాసేపటికి వెనక్కి రావడం మొదలుపెట్టింది.

అడుగు నీరు 17.0. వేసవి మొత్తం మీద నూటనాలుగవ అడుగు కొలత. పరికర దోషం.

జూన్ 15

పొర మందం బారకు నాలుగు వేళ్ళు ఎక్కువ. పంపు నోరు అందులో మునిగింది. లంక కుళాయిల్లో 3.8.

పై నీరు, మోచేతి లోతులో, 0.9. అంగీకరించారు. కృతజ్ఞతలు చెప్పారు.

రాజ్యం తల తిరిగి పడిపోయింది. రక్తపోటు నూటయాభై దాటింది. మంగాయమ్మ, ముబీనా, నేను కలిసి ఆమెను పడవలో ఒడ్డు ఆసుపత్రికి చేర్చాము. దారిపొడుగునా ముబీనా ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డ వేసింది. డాక్టరు రాజ్యాన్ని చేర్చుకున్నారు. లంక నీళ్ళు ఇక తాగకూడదన్నారు. మంగాయమ్మ ఎన్నాళ్ళు అని అడిగింది. డాక్టరు నావైపు చూశారు.

జూన్ 16

ముబీనా వెళ్ళిపోయింది. రేవులో బస్సు ఎక్కేముందు తన సీసాను నాకిచ్చింది. దారానికి బారకొక ముడి వేసి ఉంది.

"బిడ్డ పుడితే ఫోను చెయ్యి అత్తా. అప్పుడు అవ్వా అంటా."

"అనవే, నీ నోటికడ్డేటి. మళ్ళీ వత్తావా?"

"వచ్చే వేసవికి పేరు ఇస్తా. తీసుకోరేమో. ఫెయిలైనోళ్ళని తీసుకోరంట."

మంగాయమ్మ ఆ పిల్ల నడుము చుట్టూ చేయి వేసి, చెంగు కట్టిన చోటే ఒకసారి గట్టిగా పట్టుకుని, వదిలేసింది.

శిక్షణ పుస్తకంలో మోచేతి లోతు నియమం ఉన్న పుట తెరిచాను. కొట్టివేయబోయి ఆగాను. కొట్టివేస్తే మరో సుచరిత. ఉంచితే మరో పొన్నలంక. చివరకు దాని కింద ఒక వాక్యం చేర్చాను: అడుగు నీరు తీసేటప్పుడు ఒకరు తాడును, ఒకరు మనిషిని పట్టుకోవాలి, ఆ సమయంలో ఎవరూ రాయకూడదు. పన్నెండేళ్ళ క్రితం రాయవలసిన వాక్యం ఇది.

జూన్ 20

ఆటు. గాలి లేదు.

లంకలో నూటముప్పై ఇళ్ళు ఖాళీ అయ్యాయి. ఒడ్డున గుడారాల్లో వాళ్ళకు నీళ్ళిస్తున్నారు. జనాభా తగ్గినందున పొన్నలంకకు అరగంట కూడా అవసరమా అని పరిశీలిస్తున్నట్టు వితరణి తెలియజేసింది. రాజ్యం ఆసుపత్రిలోనే ఉంది. బిడ్డ కదులుతోందని చెప్పారు.

"ఇంటికి తాళం వేశావా మంగాయమ్మా?"

"లేదండి. తాళమేసి ఏం దాత్తాను? కుండలో ఉప్పునీళ్ళా?"

పంపు దగ్గర లంగరు వేశాము. ముబీనాకు కట్టినట్టే నా నడుముకు ఆమె తన చెంగు కట్టింది. సీసా వదిలాను. ముడులు లెక్కపెట్టాను, నాలుగు. దారం లాగి, పైకి తెచ్చాను. నా చేతులకు ముబీనా చేతులంత బలం లేదు. చాలాసేపు పట్టింది. మంగాయమ్మ పిడికిలి అంతసేపూ బిగిసే ఉంది.

మొదటిసారి తెచ్చిన నీటితో సీసా కడిగి మళ్ళీ వదిలాను. రెండోసారి, మూడోసారి కూడా అడుగు నీటితోనే. నాలుగోసారిది నిలిపాను.

"ఈయేటికి సరిపడా అయిపోయినాయన్నారు కదండీ," అంది మంగాయమ్మ. "నూరు దాటేశాయి. మరిదెందుకండి?"

ఆమె లంగరు లాగి, తాడు కొసను నాలుకకు తాకించుకుని, పక్కకు ఉమ్మి, "ఇరవై రెండుంటదండి," అంది.

మీటరు చూశాను. 22.4.

అంకె ముందు రాశాను. తరువాత ఆమెకు జవాబు చెప్పాలని తల ఎత్తాను. ఆమె గడ తీసుకుని, నేను మాట్లాడేదాకా ఆగి నిలబడి ఉంది.